బురైదాలో నేను తూచిన మందు

ఇరవై నాలుగేళ్ళ వయసులో మనిషికి జ్వరం వస్తే తగ్గుతుంది, అప్పు చేస్తే తీరుతుంది, కానీ తనకి అన్నీ తెలుసన్న నమ్మకం పట్టుకుంటే మాత్రం అది ఏ మాత్రకీ లొంగదు. ఆ రోజుల్లో నాకు ఆ నమ్మకం నిలువెల్లా ఉండేది. కాకినాడలో ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో కొన్నాళ్ళు తూకం యంత్రాలు సరిచూసే పని నేర్చుకుని, సౌదీలో బురైదాకి వచ్చి పడ్డాను. చుట్టూ ఖర్జూరం తోటలు, దాణా మిల్లులు. మార్కెట్లో ఖర్జూరాలు తూచే కాటాల దగ్గర్నుంచి ల్యాబుల్లో చిటికెడు పొడి తూచే సన్న త్రాసుల దాకా అన్నిటినీ సరిచెయ్యడం మా కంపెనీ పని. లోకంలో ఏ గొడవకైనా మూలం ఎక్కడో తూకం తప్పడమేనని నేను మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ణి. భార్యాభర్తల తగాదాలక్కూడా ఇదే వర్తిస్తుందని మా రూములో ఒకసారి ఉపన్యాసం ఇచ్చాను (అప్పటికి నాకు పెళ్ళి కాలేదు).

మా ముదీర్ని, అంటే మేనేజరుగారిని, అందరూ అబూ సాలెహ్ అనేవాళ్ళు. సాలెహ్ వాళ్ళ నాన్న అని అర్థం. మన వైపు బుజ్జిగాడి నాన్న అన్నట్టే. భారీ మనిషి, మెత్తటి గొంతు. కోపం వస్తే ఆ గొంతు ఇంకా మెత్తబడేది, అందుకే భయం వేసేది. ఆయనకి వేటంటే ప్రాణం. చలికాలంలో అనుమతి తీసుకుని వేటకి వెళ్ళేవాడు. అందుకోసం ఏడాదికి పైగా ఎదురుచూసి, ఎక్కడో పరదేశంలో తన చేతుల పొడవుకీ భుజం వెడల్పుకీ కొలతలిచ్చి ఒక రైఫిల్ చేయించుకున్నాడు. లైసెన్సూ కాగితాలూ అన్నీ పక్కా. దాన్ని పెట్టెలోంచి తీసేటప్పుడు ఆయన పసిపిల్లని ఉయ్యాల్లోంచి తీసినట్టు తీసేవాడు. చూడ్డానికి అంత అందమైన వస్తువు. పేలిస్తే మాత్రం గురి కాగితం మీద గుండ్లు చల్లిన నువ్వుల్లా పడేవి. ఒకటి పై మూలలో, ఒకటి కింది అంచులో, ఒకటి అసలు కాగితం మీదే కాదు.

ఈ బాధ ఒక ఎత్తు, ఆయన బావమరిది ఇంకో ఎత్తు. ఆ బావమరిది దగ్గర కొట్లో కొన్న మామూలు పాత రైఫిల్ ఉండేది. దాంతో కాగితం మీద గుండ్లన్నీ ఒకేచోట గుచ్చి, గహ్వా, అంటే అరబ్బు కాఫీ, చప్పరిస్తూ, "బావా, నీ రైఫిల్ గోడకి తగిలించుకుంటే మజ్లిస్‌కి భలే అందం వస్తుంది" అనేవాడట (మజ్లిస్ అంటే అతిథులు కూర్చునే హాలు). బావమరిది అన్నవాడు ఏ దేశంలోనైనా బావమరిదే.

ఒకరోజు అబూ సాలెహ్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. నా సెలవు సంగతి మాట్లాడతాడనుకున్నాను. ఇంటి దగ్గర నాకు సంబంధం కుదిరింది. అమ్మాయి రాజమండ్రిలో ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. నిశ్చితార్థానికి రమ్మని వాళ్ళ నాన్నగారు తేదీ కూడా పెట్టేశారు. నేను ఇంటికెళ్ళి తిరిగి రావడానికి కావలసిన అనుమతి, ఎగ్జిట్ రీ-ఎంట్రీ, మాత్రం ముదీర్ ఫోనులో, ఆయన వేలు ఆనక ఆగి ఉంది.

"యా ముహందిస్," అన్నాడాయన (ముహందిస్ అంటే ఇంజనీరు; ఆ పిలుపుకి నేను ప్రతిసారీ అర అంగుళం పొడుగయ్యేవాణ్ణి). "ప్రతి రైఫిల్‌కీ ఒక రుచి ఉంటుందట. కొట్లో తూటాలు దానికి సరిపడవు. అందుకే తెలిసినవాళ్ళు తూటాలు చేత్తో తయారుచేసుకుంటారు. అనుమతి నాకుంది, సామాను తెప్పించాను. ప్రతి తూటాలోనూ మందు ఒకే తూకం ఉండాలి. తూకం నీకు తెలుసు కదా?"

"తూకమా! అది నాకొదిలెయ్యండి. రెండు శుక్రవారాలు చాలు," అన్నాను. తుపాకీని అంతకుముందు నేను చూసింది బ్యాంకు గార్డు దగ్గర.

"బాగుంది. ముందు రైఫిల్, తర్వాత నీ సెలవు," అన్నాడు మెత్తగా. నేను ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. పైగా ఆయన మీద జాలిపడ్డాను, ఇంత చిన్న పనికి ఇన్నాళ్ళు బాధపడ్డాడే అని. ఆయనకి మాత్రం ఇది బావమరిది వెక్కిరింత ఒక్కటే కాదు. "చలికాలం వస్తోంది. గురి తప్పి జంతువు గాయపడి ఇసుకలో ఈడ్చుకుంటూ పోతే, ఆ పాపం నా మెడకి చుట్టుకుంటుంది. రైఫిల్ కుదరకపోతే ఈ ఏడు వేట మానేస్తాను," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం చూసి, నేను కూడా నవ్వు మానేశాను.

పని పంపకం స్పష్టంగా జరిగింది. లైసెన్సు ఆయనది, రైఫిల్ ఆయనది, భుజం ఆయనది. మందు పోసే చెయ్యి కూడా ఆయనదే. ఇకామా మీద, అంటే నివాస పర్మిట్ మీద, బతికేవాడు వాటి జోలికి పోకూడదు. నాది ఉత్త తూకం. త్రాసు అంకెలు చూసి "పొయ్యండి, ఆపండి, ఒక్క గింజ తియ్యండి" అని చెప్పేవాణ్ణి. అంత పెద్దమనిషి నా మాటకి చెంచా పట్టుకుని బుద్ధిగా కూర్చోవడం నాకు ఎంత బావుండేదో చెప్పలేను. మొదటి సాయంత్రమే ఆ సన్న త్రాసు అంకెలు నిలబడకుండా ఆడుతున్నాయని కనిపెట్టాను. కారణం ఏసీ గాలి. "ఏసీ కట్టెయ్యాలి," అన్నాను. బురైదా ఎండలు తెలిసినవాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆయన్ని తలుచుకోండి. ఏసీ కట్టాం. తర్వాత సాంబ్రాణిలా పొగ వేసే బఖూర్ ఆర్పించాను. తర్వాత ఆయన ఊపిరి త్రాసుకి తగులుతోందని, తూచేటప్పుడు బిగబట్టమన్నాను. మజ్లిస్‌లో మేమిద్దరం చెమటలో నానుతూ, ఊపిరి బిగబట్టి, ముక్కులు త్రాసుకి ఆనించి కూర్చుంటే, గహ్వా ఇవ్వడానికి గుమ్మంలోకి వచ్చిన వాళ్ళ పెద్దబ్బాయి అటునుంచి అటే వెళ్ళిపోయాడు. మేమిద్దరం ఏదో దువా, ప్రార్థన, చేసుకుంటున్నామనుకున్నాడట.

రాత్రి రూముకి వచ్చి ఈ ప్రతాపమంతా కరీంనగర్ అన్నకి చెప్పేవాణ్ణి. ఆయన మా కంపెనీ డ్రైవరు, నా రూమ్మేటు. "అన్నా, ఇవాళ మందు తూకం అద్భుతంగా కుదిరింది. ముదీరూ నేనూ కూర్చుని ఎంత మందు కొలిచామో!" అన్నాను. ఆయన తటాలున లేచి కిటికీ మూశాడు. "తమ్మీ, జర మెల్లగ అను. మందు మందు అని ఒర్లకు. పక్క రూమోళ్ళు మనోళ్ళే, నువ్వు చెప్పేది ఏ మందో వాళ్ళకేం ఎర్క? తాగుడు బందున్న దేశమిది, ఎవ్వడన్న ఈ ముచ్చట మోస్తే ఇద్దర్ని కలిపి ఫ్లైటెక్కిస్తరు," అన్నాడు. నాకు అప్పటిగ్గానీ తెలుగు భాషలోని ప్రమాదం అర్థం కాలేదు. అప్పటికే ఆలస్యమైంది. ముందురోజే కాబోయే ఆవిడతో ఫోనులో, "సాయంత్రాలు మా ముదీర్ ఇంట్లో మందు దగ్గరే సరిపోతోందండీ," అని గర్వంగా చెప్పి ఉన్నాను. అవతల ఫోను కట్టయింది. సిగ్నల్ పోయిందనుకున్నాను. తీరా చూస్తే వాళ్ళ నాన్నగారు చర్చిలో మద్యపాన నిషేధం మీద ప్రసంగాలు చేసే మనిషి.

మర్నాడు ఫోను చేసి తుపాకీ మందు అని విడమరచి చెప్పాను. "తుపాకీయా?" అంది ఆవిడ ఇంకా నీరసంగా. "మీది త్రాసుల కంపెనీ అన్నారు కదండీ. నేను నాన్నగారికి ఏదని చెప్పను? తాగుతాడని చెప్పనా, కాలుస్తాడని చెప్పనా?"

మొదటి శుక్రవారం అన్న బండి నడపగా ఊరి బయట ఉన్న షూటింగ్ క్లబ్బుకి వెళ్ళాం. మా తూటాలు ఎలా ఉన్నాయో చెప్పలేను, ముత్యాలు. ఒకదానికీ ఇంకోదానికీ తూకంలో వెంట్రుకవాసి తేడా లేదు. అబూ సాలెహ్ బల్ల దగ్గర కూర్చుని, బిస్మిల్లా అని పేల్చాడు. బైనాక్యులర్‌లోంచి చూశాను. మళ్ళీ నువ్వులే. కొంచెం ఎక్కువ చల్లినట్టున్నాయి కూడా. నేను బెదరలేదు. "గుండ్ల బరువుల్లో తేడా ఉండి ఉంటుంది," అన్నాను. వారమంతా గుండ్లు తూచి జతలు కట్టాం. ఇత్తడి తొడుగులు తూచాం. రెండో శుక్రవారం ఫలితం అదే. "తూటా పొడవు," అన్నాను. పొడవు సరిచూసుకోవడానికి ఒక ఉత్త తూటా చేయించాను. పైన గుండు ఉంటుంది గానీ లోపల మందు లేదు, అడుగున నిప్పంటించే బిళ్ళ లేదు. పొరపాటు రాకుండా దానికి ఎర్ర రంగు పూశాం. అబూ సాలెహ్‌కి అది తెగ నచ్చింది. ఆఫీసులో కూర్చుని ఫైళ్ళు చూస్తూ తస్బీహ్ జపమాల పూసల్లా దాన్ని వేళ్ళ మధ్య దొర్లించేవాడు.

నిశ్చితార్థం దగ్గరపడుతోంది. అవతల వాళ్ళ నాన్నగారు "అబ్బాయికి టికెట్ దొరికిందా?" అని అడుగుతున్నారట. నేను మాత్రం "ఈ శుక్రవారంతో ఖలాస్" అని ఆవిడకి చెబుతూనే ఉన్నాను. నిజంగానే నమ్మి చెబుతున్నాను, అదీ విశేషం.

ఆ శుక్రవారం బావమరిది కూడా వచ్చాడు, స్నేహితుల్ని వెంటేసుకుని. వెనక కుర్చీలు వేయించుకుని, గహ్వా, ఖర్జూరాలు పెట్టుకుని తీరిగ్గా కూర్చున్నారు. నేను బల్లకి పక్కగా, అబూ సాలెహ్ ముఖం కనబడేచోట నిలబడ్డాను. ఆయన ఒక తూటా పేల్చాడు. రెండోది పెట్టి గురి చూశాడు. ట్రిగ్గర్ నొక్కాడు. పేలలేదు. 'టక్' మని చిన్న చప్పుడు, అంతే.

పేలలేదు గానీ, రైఫిల్ మూతి మాత్రం దభేలున కిందికి దిగింది. ఆయన భుజం ముందుకు తోసుకొచ్చింది. కళ్ళు రెండూ, ఆముదం తాగే పిల్లాడి కళ్ళలా, గట్టిగా మూసుకుపోయి ఉన్నాయి.

క్లబ్బులో కాల్పులు చూసుకునే రేంజి అధికారి చెయ్యెత్తి, "ఎవరూ కదలొద్దు, మూతి అటే ఉంచండి," అన్నాడు. కాసేపాగి తూటా బయటికి తీయించాడు. అది మా ఉత్త తూటా. దొర్లించి దొర్లించి ఎర్ర రంగు అరిగిపోయి, జేబులోంచి ఎప్పుడో మంచి తూటాల పెట్టెలోకి చేరిపోయింది. వెనక ఉన్నవాళ్ళకి అబూ సాలెహ్ వీపే తప్ప ముఖం కనబడలేదు. 'టక్' మన్న చప్పుడు మాత్రం వినబడింది. బావమరిది తొడ చరుచుకుని నవ్వాడు. "వల్లాహి! నీ హిందీ ముహందిస్ అన్నీ తూచాడు గానీ మందు పొయ్యడం మరిచిపోయాడు!" (హిందీ అంటే అక్కడ ఇండియావాడు.)

అందరూ ఘొల్లుమన్నారు. నా చెవులు కాలిపోయాయి. మందు పోయనిది నేను కాదు; పైగా ఇన్నాళ్ళుగా గుండ్లు ఎందుకు చెదురుతున్నాయో ఆ క్షణంలో నాకు తెలిసిపోయింది. తూటాలో లేదు, తూకంలో లేదు. ట్రిగ్గర్ నొక్కే ముందు రెప్పపాటు కాలం ఆయన భయపడుతున్నాడు. నోరు తెరిచాను. అబూ సాలెహ్ తల తిప్పి నా వైపు చూశాడు. అంత పెద్ద మనిషి కళ్ళలో అలాంటి చూపు నేనెప్పుడూ చూడలేదు. తెరిచిన నోటిని ఏంచెయ్యాలో తెలియక, "అవును, పొరపాటు నాదే," అన్నాను. ఇంకా నవ్వారు. (నా ఇంజనీరింగ్ జీవితంలో నేను చెప్పిన అతి కష్టమైన అబద్ధం అది. అప్పుడు చచ్చేంత సిగ్గేసింది గానీ, ఇప్పుడు తలుచుకుంటే నాకు నేనే నచ్చుతాను.)

తిరుగు దారిలో రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర ఆపించి, అన్నని టీ తెమ్మని పంపి, అబూ సాలెహ్ అడిగాడు. "చూశావా?"

"చూశాను."

"కళ్ళు మూసుకున్నానా?"

"గట్టిగా."

ఆయన కనుబొమ చివర ఉన్న పాత మచ్చ వేలితో రాసుకున్నాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న తన పెద్ద తుపాకీ ఇచ్చి పేల్చమన్నాడట. అది వెనక్కి తన్ని కన్ను పక్కనే చీల్చేసింది. రక్తం కారుతుంటే చుట్టూ ఉన్న మగవాళ్ళు నవ్వారట. ఏడవకుండా నిలబడ్డాడు. "భుజం మర్చిపోలేదు, ముహందిస్. నేను మర్చిపోయాననుకున్నాను." మచ్చ మీంచి వేలు తీసి అన్నాడు, "నీ మందులో తప్పు లేదు. తప్పు నాలో ఉంది. దానికి మందు ఉందా?" (ఈ చమత్కారం అరబ్బీలో లేదు, తెలుగులో విన్నది నేనొక్కణ్ణే.)

"ఉంది. నాకొదిలెయ్యండి," అన్నాను. ఏముందో నాకు బొత్తిగా తెలియదు.

ఆ సాయంత్రం కాబోయే ఆవిడకి, పేరు చెప్పకుండా, ఎవరో తెలిసినవాళ్ళన్నట్టు సంగతంతా చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు సరికదా నవ్వింది. "మాకు రోజూ ఉండేదేనండీ ఇది. సూది తగలకముందే చెయ్యి బిగించేస్తారు. మీసాలున్నవాళ్ళు మరీను. ఇప్పుడు పొడుస్తున్నా అని చెబితే అంతే సంగతులు. కబుర్లు చెబుతూ, ఎప్పుడు పొడిచామో తెలియకుండా పొడవాలి. రెండుసార్లు అలా అయ్యాక, ఓస్ ఇంతేనా అని వాళ్ళే చెయ్యి చాపుతారు." ఆవిడ ఫోను పెట్టేశాక నా కాబోయే భార్య నాకంటే మంచి ఇంజనీరని మొదటిసారి అనుమానం వచ్చింది. వెంటనే ఆ ఆలోచనని కాస్త సవరించి, ఇది నాకే తట్టిందని తేల్చుకుని పడుకున్నాను.

తర్వాత మేం చేసిందల్లా ఇది. మందుని తూటాల తయారీ పుస్తకంలో చెప్పిన అతి తక్కువ మోతాదుకి దించాం, రైఫిల్ వెనక్కి తన్నడం తగ్గేలా. ఉత్త తూటాలు మరికొన్ని చేశాం. ఎవరూ లేని వేళ క్లబ్బుకి వెళ్ళి, రేంజి అధికారిని మాతో కలుపుకున్నాం. ఆయనే ఒక్కొక్క తూటా రైఫిల్‌లో పెట్టి ఇచ్చేవాడు. అది పేలేదో పేలనిదో అబూ సాలెహ్‌కి తెలియదు. మొదట్లో 'టక్' అన్న ప్రతిసారీ మూతి కిందికి దిగేది, ఆయన సిగ్గుతో తల వంచుకునేవాడు. నేను పక్కన నిలబడి ఆవిడ చెప్పినట్టే కబుర్లు మొదలుపెట్టాను. కోనసీమ వరదల గురించి, మా మేనమామ ఎద్దు మీద నుంచి పడ్డ వైనం గురించి, పూతరేకులు ఎలా చేస్తారన్నదాని గురించి. పూతరేకులు కాగితంతో చేస్తారా అని ఆయన సందేహపడుతూ ట్రిగ్గర్ నొక్కినప్పుడు 'టక్' మంది. మూతి కదల్లేదు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "మళ్ళీ చెప్పు, ఆ కాగితం మిఠాయి గురించి," అన్నాడు.

పూతరేకులతో మొదలై, కాజాల మీదుగా, ఆత్రేయపురం నుంచి తాపేశ్వరం దాకా వెళ్ళేసరికి ఆయన భుజం కుదుటపడింది. మోతాదు కొద్దికొద్దిగా పెంచుకుంటూ, దేనికి గుండ్లు దగ్గర చేరుతున్నాయో చూసుకుంటూ పోయాం. అప్పుడు తెలిసింది నా తూకం విలువ. చెయ్యి కుదిరాక తూకంలో పిసరు తేడా కూడా కాగితం మీద కనబడసాగింది. ఒకరోజు ఆ రైఫిల్‌కి నచ్చిన రుచి దొరికేసింది. గుండ్లు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకున్నట్టు పడ్డాయి.

బావమరిదిని మళ్ళీ పిలిచాం. మళ్ళీ కుర్చీలు, గహ్వా, ఖర్జూరాలు. అబూ సాలెహ్ తొందరపడకుండా పేల్చాడు. రేంజి అధికారి కాగితం తెచ్చి బల్ల మీద పరిచాడు. బావమరిది తింటున్న ఖర్జూరాన్ని అబూ సాలెహ్ ఆయన చేతిలోంచి తీసుకుని కాగితం మీద పెట్టాడు. కన్నాలన్నీ దాని కింద దాక్కున్నాయి. బావమరిది వంగి, ఖర్జూరం ఎత్తి చూసి, మళ్ళీ పెట్టి చూసి, "ఏం చేశారు?" అన్నాడు.

అబూ సాలెహ్ రెప్ప కూడా వెయ్యకుండా, "ఏముంది, ముహందిస్ ఈసారి మందు పోశాడు," అన్నాడు. అక్కడే ఫోను తీసి నా ఎగ్జిట్ రీ-ఎంట్రీ నొక్కేశాడు. అన్న బండి దగ్గర్నుంచి కేకేశాడు: "తమ్మీ, ఇగ బట్టలు సదురుకో!"

నిశ్చితార్థం జరిగింది. వాళ్ళ నాన్నగారు నా దగ్గరికి వచ్చి అనుమానంగా ఒకసారి వాసన చూశారు కూడా, కానీ జరిగింది. తిరిగొచ్చేసరికి బురైదాలో నా పేరు మారుమోగుతోంది. ఏ రైఫిల్‌నైనా దారిలోకి తెచ్చే మందు హిందీ ముహందిస్ దగ్గరుందట! దాణా మిల్లులో కాటా సరిచెయ్యడానికి వెళితే యజమాని తలుపు వేసి తన రైఫిల్ గోడు చెప్పుకునేవాడు. నిజం చెబుదామంటే అబూ సాలెహ్ గుట్టు. చెప్పకపోతే నా వీపు మీద మొయ్యలేని కీర్తి. చివరికి ఒకరోజు బావమరిదే, చుట్టూ చూసుకుంటూ, మెల్లగా వచ్చాడు. "నా రైఫిల్ కూడా ఈమధ్య కొంచెం తేడాగా ఉంది, ముహందిస్. కాస్త ఆ మందు..." నేను ఆయన కళ్ళలోకి చూసి, గంభీరంగా తలూపి, "మీ బావగారినడగండి. తూకమే నాది, చెయ్యి ఆయనది," అన్నాను. పూర్తిగా నిజం చెప్పిన తృప్తి ఆ ఒక్కసారే దక్కింది. ఆ చలికాలం వేట నుంచి వచ్చాక అబూ సాలెహ్ మా రూముకి పెద్ద పళ్ళెంలో అన్నమూ మాంసమూ పంపి, ఫోను చేశాడు. "ఒక్క గుండు. దానికి తెలిసే లోపే అయిపోయింది," అన్నాడు. ఆ గొంతులో గొప్ప లేదు, గుండె మీద బరువు దిగిన చల్లదనం ఉంది.

ఇప్పుడు నేను వేరే ఊళ్ళో, వేరే కంపెనీలో ఉన్నాను. ఏదైనా తేడా వస్తే, త్రాసుని అనుమానించే ముందు మనుషుల ముఖాలు చూడటం అలవాటైంది. దాంతో పనులు మెల్లగా సాగుతున్నాయి. "నాకొదిలెయ్యండి" అన్న మాట నోటికి రావడం లేదు. మొన్న మా ఆవిడ నా పాత ఫోనులో ఫొటోలు చూస్తూ ఒకచోట ఆగింది. అన్న తీసిన ఫొటో. అబూ సాలెహ్ కన్నాల కాగితం పట్టుకుని, ఏదో తప్పు చేసినవాడిలా ముసిముసిగా నవ్వుతూ నిలబడ్డాడు. పక్కనే, అవన్నీ తనే పేల్చినట్టు, చొక్కా గుండీలు తెగేలా రొమ్ము విరుచుకుని, గడ్డం పైకెత్తి ఒక బక్క కుర్రాడు.

"ఎవరండీ ఈయన, ఇంత ధీమాగా ఉన్నాడు?" అంది, తెలిసే.

"తెలిసినవాడే. ఈమధ్య బొత్తిగా కనబడటం లేదు," అన్నాను.

కనబడితే, ఒక్క సాయంత్రం ఎదురుగా కూర్చోబెట్టుకుని, లోకంలోని తప్పులన్నీ ఎలా సరిచెయ్యాలో వాడిచేత చెప్పించుకుని, ఒక్క మాట కూడా అడ్డుచెప్పకుండా వినాలని ఉంటుంది.